బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు

"ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేసి వెళ్దామండి." ప్రతి బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు మా మాస్టారు చెప్పే మొదటి మాట ఇది. నలుగురి దగ్గరా విన్నది రాసి బతికే వృత్తిలో పద్నాలుగేళ్లుగా ఉన్నవాణ్ని. మొదటి రోజు ఆ మాట చెవిన పడగానే, అలవాటు కొద్దీ పక్కన తెరిచిపెట్టుకున్న నోట్‌బుక్ మూసేశాను. ఆ తర్వాత ఏ బుధవారం రాత్రీ దాన్ని మళ్లీ తెరవలేదు.

ఈ వ్యాసం రాసేముందు మా బృందంలో ప్రతి ఒక్కరినీ అడిగాను. ఇద్దరు వద్దన్నారు. వారి ఊసు ఇందులో ఎక్కడా ఉండదు. మిగిలినవారు సరేనన్నారు. పేర్లు రాయకూడదు, ఊళ్లూ ఉద్యోగాలూ మార్చాలన్నది వాళ్ల షరతు. అలాగే మార్చాను. మార్చనిది నా కథ ఒక్కటే. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది. అసలు ఇది రాయాలనిపించడానికి కారణం ఆ తప్పే.

2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో వెల్లువను దగ్గర నుంచి చూసిన విలేకరుల్లో నేనొకణ్ని. ఆసుపత్రి గేట్ల ముందు, శ్మశానాల ముందు నిలబడి వార్తలు రాశాను. అప్పుడేమీ కాలేదు. వార్త రాసేటప్పుడు మనిషికి ఏమీ కాదు, డెడ్‌లైన్ కాపాడుతుంది. ఏడాదిన్నర తర్వాత, 2022 అక్టోబరులో, మునుగోడు ఉపఎన్నిక ప్రచారంలో ఒక బహిరంగ సభ మధ్యలో ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. గుండెపోటే అనుకుని కెమెరామన్ నన్ను దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఇ.సి.జి. బాగానే ఉంది. డ్యూటీ డాక్టర్ గ్యాస్ మాత్ర రాసి, టెన్షన్ తగ్గించుకోమన్నాడు. మన దగ్గర ఛాతీలో పుట్టే ప్రతి బాధకూ మొదటి పేరు గ్యాసే.

నెలలో అది నాలుగుసార్లు వచ్చింది. తర్వాత దడ తగ్గింది కానీ దాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. దేని మీదా ఆసక్తి లేదు. కూతురు స్కూల్లో జరిగింది చెబుతుంటే పెదాలు కదలడం కనిపించేది తప్ప మాట వినిపించేది కాదు. చివరికి నా భార్యే నన్ను హైదరాబాద్‌లో ఒక సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లింది. 'ఎర్రగడ్డకు కాదు కదా?' అని దారిలో ఆటోలో అడిగాను. సరదాకే అడిగాననుకున్నాను. ఎర్రగడ్డలో రైతుబజారు ఉంది, బస్టాపు ఉంది, వేల కుటుంబాలున్నాయి. అయినా అక్కడి మానసిక చికిత్సాలయం వల్ల తెలంగాణలో ఆ ఊరి పేరే ఒక తిట్టయింది. పౌరుడు, రాజ్యం, హక్కులు అంటూ రెండేళ్లు పొలిటికల్ సైన్స్ చదివి ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న నా నోటి నుంచీ ఆ తిట్టే వచ్చింది.

డాక్టర్ ఫీజు 800 రూపాయలు. ఆమె మాత్రలు రాసి, వాటితోపాటు వారానికోసారి కౌన్సెలింగ్ కూడా అవసరమన్నారు. 45 నిమిషాలకు 1,500. అంటే నెలకు 6,000. ఇంటి అద్దె, బండి వాయిదా, స్కూలు ఫీజు పోగా నా జీతంలో ఆ 6,000కు చోటు లేదు. ఆఫీసు వాళ్ల ఆరోగ్య బీమా ఉంది కానీ, ఆసుపత్రిలో చేరితేనే అది డబ్బిస్తుంది. కౌన్సెలింగ్ కోసం ఎవరు ఆసుపత్రిలో చేరతారు? 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శారీరక రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలంటోంది. ఆ సమానత్వం నాకు ఎందుకూ పనికిరాలేదు. అయిదు వారాలు వెళ్లి మానేశాను. డాక్టర్‌తో నిజం చెప్పడానికి సిగ్గేసి, పని ఒత్తిడి వల్ల కుదరడం లేదన్నాను. ఆమెకు అర్థమైంది. ఒక కాగితం మీద ఫోన్ నంబర్ రాసిచ్చారు. "వీళ్లు డాక్టర్లు కారు. మీలాంటివాళ్లే. నెలకు 150 రూపాయలు. లేకపోతే ఇవ్వక్కర్లేదు. మాత్రలు మాత్రం నేను చెప్పినట్టే వాడండి" అన్నారు.

ఇంగ్లీషులో దీన్ని పీర్ సపోర్ట్ గ్రూప్ అంటారు. మాస్టారు 'తోడు' అంటారు. ఆయన రిటైరైన హైస్కూలు టీచరు, రాజమండ్రిలో ఉంటారు. బైపోలార్ డిజార్డర్‌తో ఇరవై ఏళ్లకు పైగా కాపురం చేస్తున్నానని చెబుతారు. బృందాన్ని నడిపించడానికి శిక్షణ తీసుకున్నారు. బుధవారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది దాకా ఫోన్‌లో వీడియో సమావేశం. ముఖం చూపించడం, చూపించకపోవడం ఎవరిష్టం వాళ్లది. పన్నెండు మందికి మించి చేర్చుకోరు.

2023 జనవరిలో నేను చేరిన రోజు తెర మీద పదకొండు గడులున్నాయి. వాటిలో ఏడు చీకటిగా ఉన్నాయి. ఒక గడిలోంచి నీళ్ల మోటారు చప్పుడు వస్తోంది. అనంతపురంలో ఒక గృహిణి అది. రెండు గదుల ఇల్లు, ఆరుగురు మనుషులు. డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన కూర్చుని మాట్లాడుతుంది. మెట్ల మీద అలికిడైతే మాట మధ్యలోనే ఆపేసి, "ఆరేసిన బట్టలు తీస్తున్నానత్తయ్యా" అంటుంది. మరో గడిలో కువైట్‌లో పనిచేసే ఖమ్మం నర్సు. ఇంకొకటి బెంగళూరులో మొదటి ఉద్యోగంలో చేరిన ఇరవై మూడేళ్ల కుర్రాడిది. మరొకటి వరంగల్‌లో బ్యాంకు గుమాస్తాది.

నా వంతు వచ్చినప్పుడు "నేను ఊరికే వినడానికి వచ్చానండి" అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత బ్యాంకు గుమాస్తా మాట్లాడాడు. "ఈ వారం పర్వాలేదు. పొద్దున చెప్పులేసుకోవడానికి పావుగంటే పట్టింది. అంతకుముందు అరగంట పట్టేది, వాటి వంక చూస్తూ కూర్చునేవాణ్ని" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను ఫోన్ బోర్లా పెట్టి ఏడ్చాను. నెలరోజులుగా ప్రతి ఉదయం గుమ్మంలో కూర్చుని బూట్ల వంక చూస్తున్నవాణ్ని నేనే. అది బద్ధకం అనుకున్నాను. నాలో ఏదో కుళ్లిపోయిందనుకున్నాను. భార్యకు చెప్పలేదు, డాక్టర్‌కు చెప్పలేదు. చెప్పుకోవడానికి అదొక రోగలక్షణంలా కూడా అనిపించలేదు. ముక్కూమొహం తెలియని మనిషి దాన్ని కరెంటు బిల్లు గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. డాక్టర్ నాకు వచ్చిన జబ్బు పేరు చెప్పారు. ఈయన ఆ జబ్బుతో మనిషి ఎలా బతుకుతాడో చెప్పాడు. నాకు రెండూ కావాలి.

విలేకరి బుద్ధి కొద్దీ ఆ వారం లెక్కలు వెతికాను. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ 12లో లేవు. వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని, దేశంలో దాదాపు 15 కోట్ల మందికి సాయం అవసరమని తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. ఉన్నవారిలో ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఈ అంకెల పక్కన పెడితే నా 1,500 రూపాయల ఫీజు చిన్న కష్టమే. ఫీజు కట్టగలిగినా వెళ్లడానికి మనిషే లేని జిల్లాలు ఎన్నో ఉన్నాయి.

ఒకే బాధ పడ్డవాళ్లు ఒకచోట చేరి ఒకరికొకరు ఆసరా కావడం ఇంటర్నెట్ కనిపెట్టిన విద్య కాదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జన్ తాగుడు మానడానికి ఒకరికొకరు తోడు నిలిచారు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్ అయింది. అందులో చేరడానికి ఈనాటికీ రుసుము లేదు. మన దగ్గర 2016 తర్వాత డేటా చౌకయింది. 2020 లాక్‌డౌన్ అందరికీ వీడియో సమావేశాలు అలవాటు చేసింది. దాంతో ఒకచోట చేరడానికి ఒకే ఊళ్లో ఉండక్కర్లేకుండా పోయింది. అనంతపురం డాబా, కువైట్ హాస్టలు గది ఒకే వరుసలోకి వచ్చాయి.

ఈ బుధవారాల గురించి మా అమ్మకు చాలాకాలం చెప్పలేదు. ఆమె వరంగల్ దగ్గర పల్లెలో ఉంటుంది. ఒకసారి పండక్కి వెళ్లినప్పుడు బుధవారం వచ్చింది. ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లి గంటన్నర తర్వాత తిరిగొచ్చాను. "గంతసేపు ఎవలతోని మాట్లాడినవ్ బిడ్డా?" అంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. చెప్పాను. మనసు బాగాలేనివాళ్లం వారానికోసారి కలుస్తాం, ఎవరి బాధ వాళ్లు చెప్పుకుంటాం, తలా ఇంత డబ్బు వేసుకుంటామన్నాను. భయపడుతుందనుకున్నాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతూనే, "గంతేనా? మా సంఘం లెక్కనే" అంది.

సంఘం అంటే డ్వాక్రా సంఘం. నా చిన్నప్పుడు వారానికోసారి మా ఇంటి అరుగు మీద పది మంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చునేవారు. పొదుపు డబ్బులు లెక్కపెట్టి పుస్తకంలో రాయడానికి పావుగంట చాలు. మిగిలిన గంటన్నర ఏం మాట్లాడేవారో మాకు వినిపించనిచ్చేవారు కాదు. మా వీధిలో ఎవరి మొగుడు కొడతాడో, ఎవరికి నిద్ర పట్టడం లేదో, ఎవరు బావి దగ్గరకు ఒంటరిగా వెళ్లకుండా చూసుకోవాలో ఆ పది మందికీ తెలిసేది. ఎం.ఏ.లో నా ప్రాజెక్టు పొదుపు సంఘాల మీదే. మహిళా సాధికారత, సామాజిక పెట్టుబడి వంటి మాటలతో 60 పేజీలు రాశాను. ఆ గంటన్నర గురించి ఒక్క పేజీ కూడా రాయలేదు.

ఇక నా తప్పు సంగతి. 2024 జులై నాటికి నేను బాగున్నాను. ఎన్నికల హడావుడి అయిపోయింది, నిద్ర పడుతోంది, కూతురి కబుర్లు వినిపిస్తున్నాయి. అంత బాగున్నప్పుడు మాత్రలెందుకనిపించింది. డాక్టర్‌ను అడగకుండానే రోజూ వేసుకునే మాత్రను సగానికి విరిచి వేసుకోవడం మొదలుపెట్టాను. మూడు వారాలు గడిచినా ఏమీ కాలేదు. ఆ బుధవారం నా వంతు వచ్చినప్పుడు గర్వంగా చెప్పాను. "మాత్ర సగం చేశానండి. డాక్టర్‌కు ఇంకా చెప్పలేదు. ఏమీ కాలేదు. బహుశా ఇక అవసరం లేదేమో." తెర మీద చప్పట్ల బొమ్మలు పడ్డాయి. ఆ రాత్రి రాజమండ్రిలో గాలివానకు కరెంటు పోయి మాస్టారు లైన్‌లో లేరు. ఉంటే అక్కడే ఆపేవారు. సమావేశం నడుపుతున్న బ్యాంకు గుమాస్తా తర్వాతి వారిని పిలిచాడు.

తర్వాత రెండు బుధవారాలు బెంగళూరు కుర్రాడు రాలేదు. కొత్త ఉద్యోగం, నైట్ షిఫ్టులేమో అనుకున్నాం. మరుసటి వారం ఒక రాత్రి 11.40కి మా వాట్సాప్ గ్రూప్‌లో అతని మెసేజ్ వచ్చింది. అందరికీ థ్యాంక్స్, ఇక నావల్ల కాదు అని. నేను అది చూసేసరికి 11.52. ఆ పన్నెండు నిమిషాలూ నేను టీవీలో క్రికెట్ చూస్తున్నాను.

కువైట్‌లో అప్పుడు రాత్రి తొమ్మిది దాటింది. డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటున్న నర్సు చేయి కడగకుండానే అతనికి ఫోన్ చేసింది. ధైర్యం చెప్పలేదు, బోధలు చేయలేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా తమ్ముడూ?" అని సూటిగా అడిగింది. అవునన్నాడు. ఫోన్ పెట్టొద్దు, నేనిక్కడే ఉన్నానంది. ఈలోగా మాస్టారు, మేం చేరేటప్పుడు రాసిచ్చిన కాగితాలు తీశారు. ఆపదలో ఎవరికి చెప్పాలో అందులో ప్రతి ఒక్కరం రాసివ్వాలి. కుర్రాడు బెంగళూరులోనే ఉన్న అక్క నంబర్ ఇచ్చాడు. ఆమె, బావ నలభై నిమిషాల్లో అతని గది తలుపు తట్టారు. అప్పటిదాకా నర్సు లైన్‌లోనే ఉంది. మర్నాడు ఉదయం ఆసుపత్రిలో చేర్చారు. పది రోజుల తర్వాత ఇంటికొచ్చాడు.

ఆ వారాంతంలో మాస్టారు నాకు ఫోన్ చేశారు. "మీరు కూర్చునే ఉన్నారాండి?" అని అడిగి, తర్వాత చెప్పారు. నేను మాత్ర సగం చేశానన్న రాత్రి నుంచే కుర్రాడు తన మాత్రలు పూర్తిగా మానేశాడు. అతని జబ్బు వేరు, మందు వేరు, మోతాదు వేరు. అవేవీ అతనికి గుర్తు రాలేదు. అన్నకు ఏమీ కాలేదు కాబట్టి తనకూ కాదనుకున్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అతనితో మాట్లాడాను. "మానేసింది నేనే అన్నా. నువ్వు మానమనలేదు కదా" అన్నాడు. అది అతని మంచితనం. నాకు తెలిసిన నిజం వేరు. వాళ్లలో ఎవరైనా ఒక మాట చెబితే అది డాక్టర్ మాట కన్నా లోపలికి దిగుతుంది. దిగుతుంది కాబట్టే మేం అక్కడికి వెళతాం. చెప్పుల సంగతి చెప్పి బ్యాంకు గుమాస్తా నన్ను నిలబెట్టాడు. సగం మాత్ర సంగతి చెప్పి నేను ఈ కుర్రాణ్ని పడగొట్టాను. రెండింటిలోనూ పనిచేసింది ఒకటే, తోటివాడి మాట మీద నమ్మకం.

మా అమ్మకు ఇది చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నా 60 పేజీల ప్రాజెక్టుకు అప్పట్లో చెప్పని సంగతి చెప్పింది. 2010లో మా ఊళ్లో సంఘాల ఆడవాళ్లు సూక్ష్మరుణ కంపెనీల దగ్గర కూడా అప్పులు తీసుకున్నారు. అయిదుగురికి కలిపి అప్పు. ఒకరు కట్టకపోతే మిగిలిన నలుగురూ కట్టాలి. ఒకామె వరసగా మూడు వారాలు కట్టలేకపోయింది. కంపెనీ మనిషి మిగిలినవాళ్లను తీసుకెళ్లి ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టాడు. అందులో అమ్మ కూడా ఉంది. "పొద్దంత గూసున్నం బిడ్డా. దాని పిల్లలు గడపల నిలబడి మమ్ములనే సూస్తున్నరు. ఎన్నేండ్ల సంది మా అరుగు మీద గూసున్న మనిషది. మేమే గట్ల జేసినం" అంది. ఆ రాత్రే ఆమె పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. తిరిగి ఏనాడూ సంఘానికి రాలేదు. ఆ ఏడాది రాష్ట్రంలో అప్పుల వేధింపులు తాళలేక జరిగిన ఆత్మహత్యలు పత్రికలకెక్కాయి. అక్టోబరులో ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. నేనప్పుడు యూనివర్సిటీలో ఉన్నాను. ఆర్డినెన్స్‌లోని నిబంధనలన్నీ పరీక్షలో రాశాను.

గుండ్రంగా కూర్చున్నంత మాత్రాన మంచి జరగదని అమ్మ నాకు చెప్పింది. ఆ మనుషులు వాళ్లే, ఆ నమ్మకం అదే. దాన్ని ఎవరు కాపలా కాస్తున్నారన్నదే తేడా.

మా బృందంలో ఆ తర్వాత మూడు నియమాలు వచ్చాయి. మాస్టారు లేకపోతే శిక్షణ పొందిన మరొకరు ఉండాలి, లేదా ఆ వారం సమావేశం వాయిదా. మందు పేరు, మోతాదు, మానడం, తగ్గించడం గురించి ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడాలనిపిస్తే డాక్టర్ దగ్గర మాట్లాడాలి. వరసగా ఒక్క వారం రాకపోయినా మర్నాడు ఒకరు ఫోన్ చేయాలి. ఎందుకు రాలేదని అడగడానికి కాదు, ఎలా ఉన్నావని అడగడానికి. ఈ తేడా మా అమ్మ చెప్పాక నేను పట్టుబట్టి పెట్టించింది.

మరి నా 150 రూపాయలు ఎక్కడికి పోతున్నాయి? ఆ సంఘటన తర్వాతే ఈ లెక్క అడిగాను. పన్నెండు మందీ ఇస్తే నెలకు 1,800. నలుగురు ఇవ్వలేరు, కాబట్టి 1,200. మాస్టారు ఒక్క రూపాయి తీసుకోరు. ఒక క్లినికల్ సైకాలజిస్ట్ నెలకోసారి మాస్టారుతో గంటసేపు కూర్చుని, ఎవరి గురించి కలవరపడాలో, ఎవరిని డాక్టర్ దగ్గరకు పంపాలో, ఆయన తన ఆరోగ్యాన్ని ఎలా చూసుకోవాలో మాట్లాడతారు. డబ్బు చాలావరకు ఆమె ఫీజుకే పోతుంది. ఆమె సగం ఫీజే తీసుకుంటారు. అంటే చౌక అనుకున్నదాని అసలు ఖరీదు ఒక రిటైర్డ్ టీచరు, ఒక సైకాలజిస్ట్ తమ జేబులోంచి కడుతున్నారు. మాస్టారుకు ఒంట్లో బాగాలేని నెల మా పరిస్థితి ఏమిటో మాకు తెలుసు.

ఈ కాపలా ఎందుకు ముఖ్యమో చూపే అనుభవం మన ఉపఖండంలోనే ఉంది. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ డిప్రెషన్‌లో ఉన్న గర్భిణులకు, బాలింతలకు అదే ప్రాంతపు మామూలు తల్లులతో ఆసరా ఇప్పించి పరిశోధకులు పరీక్షించారు. ఫలితాలు 2019లో వచ్చాయి. అద్భుతాలేమీ జరగలేదు. మేలు పరిమితంగానే కనిపించింది, ఖర్చు తక్కువైంది. అయితే ఆ తల్లులకు ముందు శిక్షణ ఇచ్చారు, తర్వాతా వారి వెనక పర్యవేక్షణ ఉంది. తోటివారి తోడుకు బలం అక్కడే ఉంది. ఊరికే పదిమందిని ఒక వాట్సాప్ గ్రూప్‌లో వేసి, పొద్దున్నే గుడ్‌మార్నింగ్ బొమ్మలు, రాత్రికి 'ధైర్యంగా ఉండండి' అన్న సూక్తులు పంపుకుంటే అది తోడు కాదు. 'వారంలో డిప్రెషన్ మాయం' అంటూ డబ్బు వసూలు చేసే గ్రూపుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఎవరైనా ఇలాంటి బృందంలో చేరాలనుకుంటే నాలుగు ప్రశ్నలు అడగమంటాను. నడిపేవారికి శిక్షణ ఉందా? వారి వెనక ఒక నిపుణుడు ఉన్నారా? అర్ధరాత్రి ఆపద వస్తే ఏం చేస్తారు? మందుల గురించి మాట్లాడనిస్తారా? చివరి ప్రశ్నకు 'మాట్లాడుకుంటాం' అన్న జవాబు వస్తే చేరవద్దు.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. 2017 నాటి చట్టంలోని 18వ సెక్షన్, ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల నుంచి మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు అంటోంది. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలీ మానస్ ప్రారంభించింది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు. చాలా మంచి పని. ఈ వ్యాసం చదువుతున్నవారిలో ఎవరికైనా ఈ రాత్రి గడవదనిపిస్తే మొదట ఆ నంబర్‌కు ఫోన్ చేయండి. అయితే హెల్ప్‌లైన్ గండం గట్టెక్కిస్తుంది. మర్నాడు పొద్దున చెప్పుల వంక చూస్తూ కూర్చున్నప్పుడు, ఆ తర్వాతి వారం, ఆపై ఏడాది ఎవరుంటారు? డ్వాక్రా సంఘానికి పుస్తకం, శిక్షణ, బ్యాంకు ఖాతా, అడిగే అధికారి ఇచ్చిన ప్రభుత్వాలకు మాస్టారు లాంటివారికి శిక్షణ, నెలకో గంట నిపుణుడి సమయం ఇవ్వడం అసాధ్యం కాదు. ఆ నెల ఖర్చు మా పన్నెండు మందికైతే 1,200 రూపాయలని నా దగ్గర లెక్క ఉంది.

డబ్బుతో తీరని కొరత కూడా ఒకటుంది. బృందం చౌక, డేటా చౌక, ఒక తలుపున్న గది మాత్రం చౌక కాదు. అనంతపురం అమ్మాయి రెండేళ్లకు పైగా ట్యాంకు పక్కనే కూర్చుంది. వానాకాలంలో గొడుగు వేసుకుని మాట్లాడేది. గత ఏడాది ఎప్పుడో ఆమె గడిలోంచి మోటారు చప్పుడు ఆగిపోయింది. మాస్టారు అడిగితే చెప్పింది, భర్తకు విషయం చెప్పానని. ఆయన ఏమీ అనలేదట. బుధవారం ఎనిమిదిన్నరకు మాత్రం తానే వెళ్లి మోటారు ఆపేసి వస్తున్నాడట. ఇంకా గదిలోకి రమ్మనలేదు. మోటారు ఆపడం దాకా వచ్చారు.

బెంగళూరు కుర్రాడు ఉద్యోగం మారాడు, ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. బుధవారం తప్పడం లేదు. నేను అతని ఫోన్‌కు 12 నిమిషాలు ఆలస్యమైన సంగతి అతనికి చెప్పాను. క్రికెట్ సంగతీ చెప్పాను. "మనోళ్లు గెలిచారా అన్నా?" అని అడిగాడు.

నేను మళ్లీ పూర్తి మాత్రకు వెళ్లి ఏడాదికి పైగా ఉన్నాను. ఈ మధ్యే నన్ను పరీక్షించి డాక్టరే మోతాదు తగ్గించారు. ఎంతకు తగ్గించారో బృందంలో చెప్పలేదు. మీకూ చెప్పను.